కారణం అడిగే చదువు, లెక్క చెప్పే పాలన

సివిల్ సర్వీసెస్ మెయిన్స్‌లో 2013 నుంచి నీతిశాస్త్రానికి ప్రత్యేకంగా ఒక పేపర్ ఉంది. జనరల్ స్టడీస్ నాలుగో పేపర్, 250 మార్కులు. దేశ విదేశాల తాత్వికుల ఆలోచనలు సిలబస్‌లో భాగం. దాంతో హైదరాబాద్ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్ల చుట్టుపక్కల జిరాక్స్ షాపుల్లో సోక్రటీస్, ప్లేటో, అరిస్టాటిల్ కూడా ‘మెటీరియల్’ అయిపోయారు. ఒక్కొక్కరి పేరు కింద ఒక నిర్వచనం, రెండు కొటేషన్లు. జవాబు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి వాడితే మార్కులు పడతాయని అభ్యర్థుల నమ్మకం. ఆ పిల్లలను తప్పుపట్టి లాభం లేదు. ఒకటో తరగతి నుంచి మనం వాళ్లకు నేర్పిన చదువే అది. అయితే అప్పజెప్పిన మాట జ్ఞానం కాదని వాదించిన మనుషుల గురించి కూడా అలాగే చదివిస్తున్నాం. వాళ్లు చెప్పిన అసలు సంగతి పరీక్ష హాలు దాకా గానీ, ఆ పరీక్ష నెగ్గినవాళ్లు కూర్చునే కుర్చీ దాకా గానీ చేరడం లేదు.

ఆ సంగతి చాలా సులువైనది. ఒక విషయం తెలుసు అంటే అది ఎందుకు అలా ఉందో చెప్పగలగాలి. అధికారం చేతిలో ఉంది అంటే ఎందుకు ఆ పని చేశామో చెప్పి తీరాలి. బడికీ సచివాలయానికీ సంబంధించిన మన జబ్బులు చాలావరకు ఈ రెండూ లేకపోవడం వల్ల వచ్చినవే.

ప్లేటో సంభాషణల్లో ‘మెనో’ చిన్నది. అందులోని ఒక ఘట్టాన్ని ప్రతి బీఈడీ కాలేజీలోనూ నటించి చూపించాలి. మెనో అనే సంపన్న యువకుడి పరివారంలో నుంచి ఒక బానిస కుర్రాణ్ణి సోక్రటీస్ పిలిపిస్తాడు. ఆ కుర్రాడికి రేఖాగణితం ఎవరూ నేర్పలేదు. అతని గురించి సోక్రటీస్ ముందుగా అడిగింది ఒక్కటే, గ్రీకు మాట్లాడతాడా అని. మాట్లాడతాడని తెలిశాక ఒక చతురస్రం గీస్తాడు. భుజం 2 అడుగులు, వైశాల్యం 4 చదరపు అడుగులు. వైశాల్యం దీనికి రెట్టింపు, అంటే 8 కావాలి. మరి భుజం ఎంతుండాలి? కుర్రాడు తడుముకోకుండా భుజాన్నీ రెట్టింపు చేస్తే సరిపోతుందంటాడు. 4 అడుగుల భుజంతో గీసి చూస్తే వైశాల్యం 16 వచ్చింది. అయితే 3 అడుగులంటాడు. గీస్తే 9 వచ్చింది. ఇక అప్పుడు తనకు తెలియడం లేదని ఒప్పుకుంటాడు.

సోక్రటీస్ ఇక్కడ ఆగి మెనో వైపు తిరుగుతాడు. ఈ కుర్రాడికి మనం నష్టం చేశామా, మేలు చేశామా అని అడుగుతాడు. ఇందాక తెలియకుండానే తెలుసనుకుని ధీమాగా చెప్పాడు. ఇప్పుడు తెలియదని తెలిసింది కాబట్టి వెతుకుతాడు. ఆ తర్వాతే పాత చతురస్రంలో మూల నుంచి మూలకు కర్ణం గీస్తారు. ఆ కర్ణమే కొత్త చతురస్రానికి భుజం. త్రిభుజాలను లెక్కపెట్టి వైశాల్యం 8 అవుతుందని కుర్రాడే చెబుతాడు. సోక్రటీస్ ప్రశ్నల్లోనే సగం జవాబు దాగి ఉందని విమర్శించేవాళ్లున్నారు. ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఒక విద్యార్థి రెండుసార్లు తప్పు చెప్పి, తెలియదనే చోటికి చేరి, అక్కడ కాసేపు నిలబడి, తిరిగి లేచే దాకా ఓపిక పట్టిన గురువు అక్కడ కనబడతాడు.

మన తరగతి గదిలో లేనిది ఆ కాసేపే. రెండు తెలుగు రాష్ట్రాల ఎంసెట్, ఇప్పటి పేరుతో ఈఏపీసెట్, 180 నిమిషాల్లో 160 ప్రశ్నల పరీక్ష. ఒక్కో ప్రశ్నకు నిమిషం దాటి ఏడెనిమిది సెకన్లు. నెగెటివ్ మార్కులు లేవు. అంటే లెక్క చేసి పెట్టిన జవాబుకూ, గుడ్డిగా పెట్టి తగిలిన జవాబుకూ ఒకటే మార్కు. జేఈఈ మెయిన్‌లో తప్పు జవాబుకు మార్కు కోస్తారు. అక్కడ నేర్చుకునేది తెలియని ప్రశ్న వైపు కన్నెత్తకుండా దాటేయడం. లక్షల మందిలో కొన్ని వేల మందిని ఎంచాలంటే ఇలాంటి పరీక్ష అవసరమే, దిద్దేవాళ్ల పక్షపాతానికి ఇందులో చోటుండదు కూడా. ఆ వాదన కాదనలేనిది. కానీ ఎంపిక కోసం పుట్టిన పరీక్ష చదువు మొత్తాన్నీ మింగేసింది. ఆరో తరగతిలోనే ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్, వారానికో టెస్ట్, గోడ మీద ర్యాంకులు. “ఎందుకు సార్” అని అడిగే పిల్లాడికి “ముందు ఫార్ములా నేర్చుకో, తర్వాత చూద్దాం” అన్నదే సమాధానం. ఆ తర్వాత ఎప్పటికీ రాదు.

అదే సంభాషణ చివర్లో లారిసా అనే ఊరికి వెళ్లే దారి ప్రస్తావన వస్తుంది. దారి నిజంగా తెలిసినవాడూ, ఊహించి సరిగ్గా చెప్పినవాడూ ఇద్దరూ మనల్ని లారిసాకు చేర్చగలరు. మరి జ్ఞానానికి ఎందుకు ఎక్కువ విలువ? సరైన అభిప్రాయం నిలకడగా ఉండదు, జారిపోతుంది, కారణంతో కట్టి ఉంచితేనే అది జ్ఞానమవుతుందని సోక్రటీస్ వివరణ. ఇంటర్‌లో తొంభై ఏడు శాతం తెచ్చుకున్న విద్యార్థి ఇంజినీరింగ్ మొదటి ఏడాదిలో ప్రశ్న రూపం కాస్త మారగానే చేతులెత్తేస్తుంటే అధ్యాపకులు ఆశ్చర్యపోతుంటారు. ఇందులో ఆశ్చర్యపడాల్సింది లేదు. అతనికి దారి చెప్పారే గానీ దారి ఎందుకు అటు వెళుతుందో చెప్పలేదు.

ఆ కుర్రాడికి గ్రీకు వచ్చా అన్న సోక్రటీస్ ప్రశ్నను చాలామంది దాటేస్తారు. మన మీడియం వివాదంలోనూ అదే జరిగింది. 2019 నవంబర్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం తెస్తూ ఇచ్చిన జీవోలను 2020 ఏప్రిల్‌లో హైకోర్టు కొట్టివేసింది. ఆ వివాదంలో ఇరుపక్షాలూ ఉద్యోగాల గురించి, భాషాభిమానం గురించి గట్టిగా మాట్లాడాయి. కూలి చేసుకునే తల్లి తన బిడ్డకు ఇంగ్లిష్ రావాలని కోరుకోవడంలో తప్పు వెతికే హక్కు మనకెవరికీ లేదు. ఆ కోరిక తీరాలి. కానీ తొమ్మిదేళ్ల పిల్లకు తన సందేహం చెప్పుకోవడానికి, తప్పు జవాబును సమర్థించుకోవడానికి ఒక భాష కావాలి కదా? సందేహం నోటికి రాని భాషలో పాఠం చెబితే ఆ పిల్ల చేయగలిగింది వల్లించడమే. ఇంగ్లిష్ ఎంత బాగా నేర్పినా, ఆ వయసులో ‘ఎందుకు’ అన్న మాటను తెలుగులో అడగనివ్వాలి.

ఇక పాలన. ‘రిపబ్లిక్’లో ప్లేటో తన పాలకులకు వేసిన చదువు ప్రణాళిక చూస్తే మన ఒక్క పరీక్ష పద్ధతి ఎంత తేలికైనదో తెలుస్తుంది. చిన్నప్పుడు సంగీతం, వ్యాయామం. 20 నుంచి 30 ఏళ్ల దాకా గణితం, ఖగోళం. ఆపై ఐదేళ్లు తర్కం. తర్వాత 15 ఏళ్లు చిన్నా పెద్దా పదవుల్లో పని. అన్నిటా నెగ్గినవాళ్లకు 50 ఏళ్ల వయసులో అధికారం. వాళ్లకు సొంత ఆస్తి ఉండకూడదు. ఇదంతా చదివితే ముచ్చటేస్తుంది. కానీ ఒక పెద్ద లోటుంది. ఇంత చదివిన పాలకుడు పాలితులకు సంజాయిషీ ఇచ్చుకోవాల్సిన పని లేదు. మనుషులను పుట్టుకతో వచ్చిన స్వభావాన్ని బట్టి మూడు తరగతులుగా విడగొట్టవచ్చన్న నమ్మకం మీద ఆ రాజ్యం నిలబడింది. అంబేడ్కర్ 1936లో ‘కుల నిర్మూలన’లో చాతుర్వర్ణ్యానికీ ఈ ప్లేటో నమూనాకూ ఉన్న చుట్టరికాన్ని ఎత్తిచూపి, మనుషులను ఇలా కొన్ని అరల్లో సర్దడం కుదరదని తేల్చి చెప్పాడు. ప్లేటో మీద ఎన్ని విమర్శలు వచ్చినా మనకు ఇంత దగ్గరగా తగిలే విమర్శ ఇంకొకటి లేదు.

ప్లేటో కూడా అక్కడే ఆగిపోలేదు. సిరక్యూస్ యువ పాలకుడు రెండో డయొనీసియస్‌కు తత్వశాస్త్రం నేర్పుదామని సిసిలీ వెళ్లి విఫలమై తిరిగొచ్చాడు. ముసలితనంలో రాసిన ‘లాస్’లో మహాజ్ఞానియైన పాలకుడి మీద పెట్టుకున్న ఆశ తగ్గింది. ఆ స్థానంలోకి చట్టం వచ్చింది. పాలకుడు చట్టానికి సేవకుడన్నాడు. మంచి నాయకుడొస్తే అన్నీ చక్కబడతాయని ఎన్నికకో మనిషిని నమ్ముకునే మన అలవాటుకు ఈ మార్పు కథ చెప్పాల్సి ఉంది.

ఆ ‘లాస్’లోనే ఇద్దరు వైద్యుల ప్రస్తావన ఉంది. బానిసలకు వైద్యం చేసే బానిస వైద్యుడు రోగి మాట వినడు, జబ్బు ఏమిటో చెప్పడు. ఆజ్ఞ ఇచ్చినట్టు మందు చెప్పి ఇంకో మంచం దగ్గరికి పోతాడు. స్వేచ్ఛాజీవులకు వైద్యం చేసేవాడు రోగితో, అతని ఇంటివాళ్లతో మాట్లాడతాడు. తెలుసుకుంటాడు, తెలియజెబుతాడు, ఒప్పించాకే మందు ఇస్తాడు. చట్టం కూడా ఈ రెండోవాడిలా ఉండాలని ప్లేటో అభిప్రాయం. ఆదేశానికి ముందు ఎందుకు ఇస్తున్నామో చెప్పే పీఠిక ఉండాలన్నాడు.

మన దగ్గర ఈ సూత్రం ఇప్పటికే చట్టమైంది. సమాచార హక్కు చట్టం 2005, సెక్షన్ 4(1)(డి) ప్రకారం ప్రభుత్వ సంస్థ తన నిర్ణయాలకు కారణాలను వాటివల్ల ప్రభావితమయ్యే వ్యక్తులకు తెలియజేయాలి. ఎవరో దరఖాస్తు పెట్టుకుంటే ఇచ్చేది కాదిది, తనంతట తానే చేయాల్సిన పని. మరి పింఛను జాబితాలోంచి పేరు పోయిన ముసలమ్మకు ఎందుకు పోయిందో కాగితం మీద రాసి ఇచ్చే ఆఫీసు ఎన్నిచోట్ల ఉంది? “సిస్టంలో చూపించట్లేదమ్మా, మేమేం చేస్తాం” అన్న మాటతో ఆమె వెనక్కి నడుస్తుంది. జీవోల సంగతీ ఇంతే. 2021 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జీవోలను ఆన్‌లైన్‌లో పెట్టడమే ఆపేసింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పెట్టడం మొదలైంది. ప్రజలకు వర్తించే ఉత్తర్వు ప్రజలకు కనబడాలా వద్దా అన్నది అధికారంలో ఉన్న పార్టీ ఇష్టాన్ని బట్టి మారడమే తప్పు. కనబడినవి కూడా ఎక్కువగా ఇంగ్లిష్‌లోనే. తెలుగును అధికార భాషగా ప్రకటించిన చట్టం వచ్చింది 1966లో.

ప్లేటో శిష్యుడైన అరిస్టాటిల్‌ది ఇంకో దారి. 17 ఏళ్ల వయసులో గురువు దగ్గరికి వచ్చి 20 ఏళ్లు ఉన్నవాడు, అయినా పాలన విషయంలో గురువుతో విభేదించాడు. ఇల్లు బాగుందో లేదో కట్టిన మేస్త్రీ కంటే అందులో కాపురముండేవాడికి బాగా తెలుసు. విందు సంగతి వంటవాడి కంటే తిన్నవాడు బాగా చెబుతాడు. ‘పాలిటిక్స్’ మూడో భాగంలోని ఈ వాదన సారం ఏమిటంటే, పాలన ఫలితం అనుభవించేవాళ్ల దగ్గర నిపుణుల వద్ద లేని ఒక జ్ఞానం ఉంటుంది. అలాగని నైపుణ్యాన్ని అతను తీసిపారేయలేదు. పదవి ఎవరికివ్వాలన్నది, పదవిలో ఉన్నవాడు ఏం చేశాడన్నది తేల్చే పనిని మాత్రం అందరికీ అప్పగించవచ్చన్నాడు.

ఏథెన్స్ ఈ పనిని ఎలా చేసిందో ‘ఏథెన్స్ రాజ్యాంగం’ అనే గ్రంథంలో ఉంది. అరిస్టాటిల్ ఆధ్వర్యంలో 158 రాజ్యాల పాలనా పద్ధతులు సేకరించారంటారు. వాటిలో దాదాపు పూర్తిగా మనకు దక్కింది ఇదొక్కటే. ఈజిప్టులో దొరికిన పాపిరస్ చుట్టల మీద ఉన్న పాఠం 1891లో అచ్చయింది. ఆ చుట్టల రెండోవైపు ఒక వ్యవసాయ క్షేత్రం జమాఖర్చులున్నాయి. లెక్క చెప్పడం గురించిన పుస్తకం లెక్కల కాగితాల వెనుక బతికి ఉండటం నాకు ఎప్పుడు తలుచుకున్నా బాగా అనిపిస్తుంది.

పద్ధతి ఇది. ఏడాది పదవీకాలం ముగియగానే ప్రతి అధికారీ చీటీల ద్వారా ఎంపికైన పదిమంది గణకుల ముందు ఖర్చు లెక్కలు చెప్పాలి. తనిఖీ ముగిసేదాకా దేశం దాటకూడదు, ఆస్తి అన్యాక్రాంతం చేయకూడదు. లెక్కలయ్యాక ఫిర్యాదులు. తెగకొకరు చొప్పున ఎంపికైన విచారకుడు సంత వేళకు తన తెగ వీరపురుషుడి విగ్రహం దగ్గర కూర్చుంటాడు. ఏ పౌరుడైనా సున్నం పూసిన పలక మీద తన పేరు, అధికారి పేరు, జరిగిన తప్పు, వేయాల్సిన జరిమానా రాసి అతనికి ఇవ్వవచ్చు. దానికి గడువు మూడు రోజులు.

దీనికి అతి దగ్గరగా వచ్చిన ప్రయోగం తెలుగు నేల మీదే జరిగింది. ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. 2005 నాటి ఆ చట్టం 17వ సెక్షన్‌లో సామాజిక తనిఖీని పెట్టారు. చాలా రాష్ట్రాలు దాన్ని కాగితం మీదే ఉంచితే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006లోనే మొదలుపెట్టి, 2009లో అందుకోసం ఒక స్వతంత్ర సొసైటీని పెట్టింది. కేంద్రం 2011లో చేసిన తనిఖీ నిబంధనలకు ఈ అనుభవమే ఆధారం.

ఆ పని జరిగే తీరు చూడాలి. కూలీల కుటుంబాల్లోంచి పదో తరగతో ఇంటరో చదివిన యువతీ యువకులను ఎంచి, కొద్దిరోజులు శిక్షణ ఇచ్చి, తమది కాని ఊరికి పంపుతారు. చేతిలో మస్టర్ల నకళ్లు, కొలతల పుస్తకం. ఇంటింటికీ వెళ్లి చదివి వినిపిస్తారు: “అమ్మా, ఆ వారం నువ్వు ఆరు రోజులు చెరువు పనికి పోయినట్టు రాశారు, పోయినావా?” “ఆ వారం నేను మా పుట్టింట్లో ఉంటి నాయనా, పనికి యాడ పోయినా?” అది రాసుకుంటారు. టేపు పట్టుకుని చెరువు దగ్గరికి పోయి గుంత కొలుస్తారు. ఊళ్లో గ్రామసభ, ఆపైన మండల కేంద్రంలో ప్రజావేదిక. ఫీల్డ్ అసిస్టెంట్, టెక్నికల్ అసిస్టెంట్, ఎంపీడీవో అందరూ అక్కడ ఉంటారు. జిల్లా అధికారి ముందు పేరుపేరునా చదువుతారు. ఎవరి పేరు మీద డబ్బు తీశారో ఆ మనిషే లేచి మైకు పట్టుకుని మాట్లాడుతుంది. ఎమ్మే ఫిలాసఫీ చదివినవాళ్ల కంటే అరిస్టాటిల్ వాదన అసలు అర్థం ఆమెకు బాగా తెలుసు.

లోపాలు లేవని కాదు. తేలిన అక్రమాల సొమ్ములో వసూలైంది కొంతే. తొలగించిన సిబ్బందిలో కొందరు మళ్లీ అదే కుర్చీలోకి వచ్చారు. శిక్ష పడేది చాలాసార్లు ఫీల్డ్ అసిస్టెంట్‌కే, పైకి వెళ్లేకొద్దీ బాధ్యత పలచబడుతుంది. ఏథెన్స్ కూడా ఆదర్శ లోకమేమీ కాదు. బానిసలకు, స్త్రీలకు, పరదేశీయులకు ఆ పలక అందలేదు. పైగా జనం తీర్పు ఎప్పుడూ న్యాయంగా ఉండదు. క్రీ.పూ. 406లో అర్గినూసే యుద్ధం తర్వాత ఆరుగురు సేనానులను, విడివిడిగా విచారించాలన్న నియమాన్ని పక్కన పెట్టి, ఒకే ఓటుతో చంపేశారు. ఆరోజు సభను నడిపే బృందంలో ఉండి ఇది చట్టవిరుద్ధమని అడ్డం తిరిగినవాడు సోక్రటీస్. ఏడేళ్లకు, క్రీ.పూ. 399లో, ఏథెన్స్ జ్యూరీ అతనికీ విషం పోసింది. కాబట్టి ప్రజలకు అధికారం ఇస్తే చాలదు, ఆధారం చూపి మాట్లాడే పద్ధతి కూడా ఉండాలి. 1948 నవంబర్ 4న రాజ్యాంగ ముసాయిదాను సభ ముందు పెడుతూ అంబేడ్కర్ రాజ్యాంగ నైతికత గురించి చెప్పడానికి గ్రీసు చరిత్ర రాసిన గ్రోట్‌ను ఎంచుకున్నది ఇందుకే. అది దానంతటదే రాదు, అలవాటు చేసుకోవాలని అంబేడ్కర్ హెచ్చరించాడు.

అలవాటు చేయాల్సిన చోటు బడి. చదువు అందరికీ ఒక్కటిగా, ప్రభుత్వ బాధ్యతగా ఉండాలని ‘పాలిటిక్స్’ చివరి భాగంలో అరిస్టాటిల్ వాదించాడు. ఉన్నవాడి పిల్లలకు చర్చలు, ప్రాజెక్టులు ఉన్న ఇంటర్నేషనల్ స్కూలు, లేనివాడి పిల్లలకు గైడు పుస్తకం అన్నట్టున్న ఈ రోజుల్లో ఆ మాట చాలా బరువైనది. ప్రశ్నించడం కొందరికే నేర్పితే లెక్క అడిగే శక్తి కూడా కొందరికే ఉంటుంది. సామాజిక తనిఖీకి వెళ్లిన ఆ పిల్లలది సాదాసీదా చదువే. కొద్దిరోజుల శిక్షణతో మస్టరు చదివి, గుంత కొలిచి, ఇంజినీరును నలుగురిలో నిలదీయగలిగారంటే వాళ్లలో తెలివికి ఎప్పుడూ లోటు లేదు. బడి దాన్ని అడగలేదు.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలూ చేయగలిగిన పనులు కళ్లముందే ఉన్నాయి. పదో తరగతి, ఇంటర్ లెక్కల పేపర్లలో కొన్ని మార్కులైనా సొంత మాటల్లో కారణం రాసినందుకు ఇవ్వాలి, తెలుగులో రాసినా ఇంగ్లిష్‌లో రాసినా సరే. ప్రతి జీవోతో పాటు ఎందుకు ఇచ్చారో చెప్పే ఒక పేజీ తెలుగులో పెట్టాలి. పేరు తీసేసిన ప్రతి లబ్ధిదారుకూ కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఉపాధి పనుల దగ్గర అనుభవం సంపాదించిన తనిఖీ బృందాలను మధ్యాహ్న భోజనం లెక్కలకు, సంక్షేమ హాస్టళ్ల సరుకులకు, ప్రభుత్వ ఆసుపత్రుల మందుల స్టాకుకు పూర్తిస్థాయిలో పంపాలి. మేఘాలయ 2017లోనే సామాజిక తనిఖీకి ప్రత్యేక చట్టం చేసుకుంది. ఆ దారి చూపించిన తెలుగు రాష్ట్రాలు కూడా ఇప్పుడు అలాంటి చట్టం చేయాలి.